గర్భిణికి ఇన్సులిన్: భయం తగదు

తిరువూరులోనైనా, మరే ఊరిలోనైనా గర్భిణికి వైద్యులు ఇన్సులిన్ రాసిన రోజున ఇంటిల్లిపాదినీ మూడు ప్రశ్నలు కలవరపెడతాయి. కడుపులోని బిడ్డకు హాని జరగదా? ఒకసారి మొదలుపెడితే జీవితాంతం సూది తప్పదా? ఇది హలాలేనా? సరైన సమాధానం దొరకక కొందరు సూదిని మధ్యలోనే మానివేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

గర్భధారణలో మాయ నుంచి వెలువడే హార్మోన్లు తల్లి శరీరంలో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. అప్పుడు పెరిగిన చక్కెర మాయను దాటి శిశువును చేరుతుంది. శిశువు అతిగా బరువు పెరగడం, కాన్పు కష్టం కావడం, పుట్టిన వెంటనే బిడ్డకు చక్కెర పడిపోవడం దాని ఫలితాలే. మనం సూదిద్వారా తీసుకునే ఇన్సులిన్ మాత్రం చెప్పుకోదగినంతగా మాయను దాటదు. కనుక బిడ్డకు హాని చేసేది సూది కాదు, అదుపు తప్పిన చక్కెర.

1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొనక మునుపు మధుమేహం గల స్త్రీకి మాతృత్వం ప్రాణసంకటంగా ఉండేది. ఆ దుస్థితిని మార్చినది ఈ ఔషధమే.

మన దేశ ఆరోగ్యశాఖ మార్గదర్శకాల ప్రకారం గర్భిణికి తొలి పరీక్షలోను, తిరిగి 24–28 వారాల మధ్యను 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తపరీక్ష చేయాలి. 140 లేదా అంతకుమించి ఉంటే గర్భకాల మధుమేహంగా భావిస్తారు. మొదట రెండు వారాలు ఆహార నియమం, తగిన నడక. అప్పటికీ భోజనానంతర చక్కెర 120కి లోపు రాకపోతే మందు అవసరమవుతుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి.

ఇక రెండవ ప్రశ్న. గర్భంతో వచ్చిన మధుమేహంలో కాన్పు తర్వాత సాధారణంగా ఇన్సులిన్ అవసరం ఉండదు. అయితే ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. అంతకు ముందే మధుమేహం ఉన్నవారు వైద్యుల సలహా మేరకు కొనసాగించాలి. బిడ్డకు పాలిచ్చే తల్లికీ ఇన్సులిన్ సురక్షితమే.

హలాల్ విషయానికి వస్తే, పూర్వం ఇన్సులిన్‌ను పంది, ఆవుల క్లోమం నుంచి తీసేవారు. 1982లో మానవ ఇన్సులిన్‌కు అనుమతి లభించింది. దీనిని సూక్ష్మజీవుల సాయంతో తయారుచేస్తారు. నేడు సాధారణంగా వాడుకలో ఉన్నది ఇదే. సందేహముంటే పెట్టెపై ‘హ్యూమన్’ అన్న మాట చూడవచ్చు, ఔషధ విక్రేతను అడగవచ్చు.

వాడకంలో జాగ్రత్తలు తప్పనిసరి. 40 యూనిట్ల సీసాకు ఎర్రమూత సిరంజినే వాడాలి. 100 యూనిట్ల మందుకు నారింజరంగు మూత సిరంజి వేరు. ఇవి తారుమారైతే మోతాదే మారిపోతుంది. మందును ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టనీయరాదు. సూది వేసుకొని భోజనం మానరాదు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగాలి. ఈ సంగతి ఇంటిలోని అందరికీ తెలిసి ఉండాలి.

రమజాన్‌లోనూ ఈ సోదరీమణులు స్వయంగా నిర్ణయాలు తీసుకోరాదు. అస్వస్థులకూ గర్భిణులకూ షరీఅత్ ఉపవాసంలో వెసులుబాటు ఇచ్చింది. వైద్యుని అభిప్రాయం తెలుసుకొని, తప్పిన రోజాల విషయం ఉలమాలను అడగాలి. వెసులుబాటును స్వీకరించడం విశ్వాస లోపం కాదు.

గర్భంలోని శిశువు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఆ అమానతును కాపాడే ఔషధానికి వెరవడం తగదు. అత్తలు, భర్తలు, ఆడబిడ్డలు ఆమెకు ధైర్యం చెప్పి, వేళకు భోజనమూ మందూ అందేటట్లు చూడాలని మేము కోరుతున్నాము.