రెండు గేదెల పాడి నేర్పే పాఠం



ఈవేళ నేను మీకు ఆదర్శ రైతు కథ చెప్పబోవడం లేదు. అటువంటి కథలు మీరు చాలా విన్నారు. ఈ రేడియోలోనే విన్నారు. ఎకరానికి ఎవరికీ పండనన్ని బస్తాలు పండించినవారిని, రోజుకు రెండువందల లీటర్ల పాలు తీసేవారిని పిలిచి, మైకు ముందు కూర్చోబెట్టి, ఎలా సాధించారో చెప్పమంటాం. వారు చెబుతారు. మనం ముక్కున వేలేసుకుని వింటాం. బాగానే ఉంది. కాని అదే ఊళ్లో రెండు గేదెలను కట్టుకుని, పదేళ్లుగా పిల్లల చదువూ ఇంటి ఖర్చూ వెళ్లదీస్తున్న ఇల్లాలిని మాత్రం ఎవరమూ పిలవం. కొత్తగా పాడి పెట్టదలచినవారు ముందుగా వెళ్లి కూర్చోవలసింది ఆమె కొట్టం దగ్గర అని నా మనవి. ఎందుకో చెబుతాను.

ముందు నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా మండలం నుంచి నలభై మంది రైతులను బస్సులో ఎక్కించుకుని ఒక పెద్ద పాడి క్షేత్రం చూపించడానికి తీసుకుపోయాను. ఇరవైకి పైగా సంకరజాతి ఆవులు. పైన ఫ్యాన్లు, కింద రబ్బరు పరుపులు, పాలు పితికే యంత్రం. యజమాని మంచివాడు. ఓపికగా అన్నీ చూపించాడు. ఒక ఆవు దగ్గర నిలబడి, ఇది రోజుకు ఇరవై లీటర్లు ఇస్తుందన్నాడు. అందరం ఆ మాట రాసుకున్నాం.

ఆ నలభై మందిలో ఒకాయనకు మూడెకరాల మాగాణి ఉంది. తిరిగివచ్చిన మూడు నెలలకే బ్యాంకు అప్పు తీసుకుని, పొరుగు రాష్ట్రం నుంచి పది ఆవులు తెచ్చాడు. దరఖాస్తు మీద సిఫారసు రాసినవాణ్ణి నేనే. మొదటి నాలుగు నెలలు పాలు బాగానే వచ్చాయి. వేసవి వచ్చేసరికి బోరులో నీరు తగ్గింది, పచ్చిమేత కొనవలసి వచ్చింది. రెండు ఆవులకు పొదుగువాపు వచ్చింది. మరి నాలుగు చూడి కట్టకుండానే వట్టిపోయాయి. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తూనే ఉంది. పదహారో నెలలో ఆవులన్నిటినీ అయినకాడికి అమ్మేశాడు. మిగిలిన అప్పుకు అరెకరం పోయింది.

తరువాత నేనే ఆ పెద్ద క్షేత్రానికి మళ్లీ వెళ్లి, మొదటిసారి అడగవలసిన ప్రశ్నలు అప్పుడు అడిగాను. ఆయనకు సంవత్సరమంతా నీరు పారే నాలుగు ఎకరాల పచ్చిగడ్డి ఉంది. తమ్ముడు పశువైద్యుడు. పాడిలో నష్టం వచ్చిన ఏడు ఆదుకోవడానికి రైసు మిల్లు ఉంది. మొదటి రెండేళ్లూ తనకూ నష్టమే వచ్చిందని ఆయనే చెప్పాడు. ఆయన ఏదీ దాచలేదు. మేమే అడగలేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది మా పని. ఆ వాత కాల్చి ఇచ్చింది నేనే.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. ఇరవై మంది ఒకే పని మొదలుపెడితే, అందులో ఒకరు బాగా పైకి రావచ్చు. పది పన్నెండు మంది ఏదో నెట్టుకొస్తారు. మిగిలినవారు మానేస్తారు. మానేసినవారు మైకు ముందుకు రారు. నెట్టుకొచ్చేవారిని మనం పిలవం. కాబట్టి ఆ ఒక్కరి మాటే మన చెవిన పడుతుంది, పని చేసిన అందరికీ అలాగే కలిసివస్తుందని అనిపిస్తుంది. దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ చిక్కు మన వ్యవసాయ గణాంకాలవారికి ఏనాడో తెలుసు. జిల్లాలో వరి దిగుబడి తేల్చాలంటే వారు బహుమతి పొందిన రైతు పొలానికి వెళ్లరు. 1940లలో పాన్సే, సుఖాత్మే అనే మన శాస్త్రవేత్తలు ఇందుకు ఒక పద్ధతిని స్థిరపరిచారు. దాన్నే పంటకోత ప్రయోగం అంటాం. ఊరిని చీటీ తీసినట్టు ఎంచుతారు. ఆ ఊళ్లో పొలాన్నీ అలాగే ఎంచుతారు. పొలంలో ఏ మూల కొయ్యాలో కూడా అంకెల పట్టికే చెబుతుంది. బాగా పండిన చోటు చూపిస్తానని రైతు అన్నా ఒప్పుకోరు, పాడైన చోటు చూపిస్తానన్నా ఒప్పుకోరు. వరికి సాధారణంగా అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు కొలిచి, కోసి, నూర్చి తూస్తారు. ఆ 25 చదరపు మీటర్లలో 15 కిలోలు వస్తే ఎకరానికి సుమారు 2,430 కిలోల లెక్క. 1950లలో పంటల పోటీల్లో గెలిచినవారికి కృషి పండిత్ బిరుదు ఇచ్చి గౌరవించేవారు. బిరుదు ఇవ్వడం మంచిదే. కాని దేశానికి ఎంత తిండి ఉందో లెక్కించడానికి ఆ బిరుదులవారి దిగుబడిని ఎవరూ పట్టుకోలేదు. దేశం పాటించిన ఆ జాగ్రత్త మన ఇంటి లెక్కలోనూ ఉండాలి కదా!

ఇక పాడి లెక్కకు వద్దాం. పలకా బలపం ఉంటే తీసుకోండి.

గేదెను అమ్మేవాడు పూటకు అయిదు లీటర్లు అంటాడు. అంటే రోజుకు పది. అది అబద్ధం కాకపోవచ్చు. ఈనిన ఆరేడు వారాలకు పాలు బాగా ఎక్కినప్పుడు ఆ గేదె పది లీటర్లు ఇచ్చే ఉంటుంది. కాని ఆ తరువాత తగ్గుతూ పోతుంది. మూడువందల రోజుల పాడిలో సగటున ఆరు లీటర్లు అనుకుందాం. మొత్తం 1,800 లీటర్లు. ఇప్పుడు ఈతకూ ఈతకూ మధ్య ఎంత కాలమో చూడాలి. పదిహేను నెలలు అనుకుంటే 450 రోజులు. 1,800ను 450 చేత భాగిస్తే వచ్చేది నాలుగు. పది లీటర్ల గేదె అని కొన్నది, నిజానికి రోజుకు నాలుగు లీటర్ల గేదె! మిగిలిన 150 రోజులూ పాలు ఇవ్వకపోయినా అది తింటూనే ఉంటుంది.

ఎదను ఒకసారి గమనించక వదిలేస్తే మళ్లీ 21 రోజులు ఆగాలి. రెండుసార్లు తప్పితే 42 రోజులు. అప్పుడు 1,800 లీటర్లను 492 రోజులకు పంచాలి. రోజుకు నాలుగు లీటర్లు కాస్తా సుమారు మూడు లీటర్ల 660 మిల్లీలీటర్లకు దిగుతుంది. గేదెల్లో, అందులోనూ వేసవిలో, మూగ ఎద ఎక్కువ. అరవదు, పైకి తెలియదు. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక ఒకసారి కొట్టంలోకి వెళ్లి, గాజు తీగలాంటి మాయ కారుతోందేమో చూడాలి. ఉదయం ఎదను కనిపెడితే సాయంత్రం, సాయంత్రం కనిపెడితే మర్నాడు ఉదయం సూది వేయించాలి. మూడో నెలలో చూడి పరీక్ష చేయించాలి. దీనికి యంత్రం అక్కరలేదు. ఇంట్లో ఒకరి కన్ను కావాలి.

మేత లెక్క కూడా చూడండి. పెద్ద పశువుకు రోజుకు పాతిక కిలోల పచ్చిమేత అనుకుంటే, పదింటికి 250 కిలోలు. ఏడాదికి 91 టన్నులు. రెండింటికి రోజుకు 50 కిలోలు. ఇది గట్ల మీది గడ్డీ, ఒక మడి నేపియరూ కలిస్తే వచ్చేస్తుంది. దాణా సంగతి కూడా అంతే. గేదెకు శరీర పోషణకు కిలో, కిలోన్నర, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున పెట్టాలి. అప్పు తీసుకునేవారు వాయిదాను రూపాయల్లో కాకుండా లీటర్లలో రాసుకోండి. లీటరు 50 రూపాయలు, వాయిదా 5,000 రూపాయలు అనుకుంటే నెలకు వంద లీటర్లు బ్యాంకుకే పొయ్యాలన్నమాట. వట్టిపోయిన నెలలో ఆ వంద లీటర్లు ఎక్కడినుంచి తేవాలి? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే సంతకం పెట్టండి.

ఆ జవాబు నాకు ఎక్కడ దొరికిందో చెబుతాను. ఆ రోజు మా బస్సు వెళ్లిన దారిలోనే ఒక ఊళ్లో, రోడ్డు పక్కన, తాటాకు కొట్టంలో రెండు ముర్రా గేదెలు కట్టి ఉన్నాయి. మేము ఆగలేదు. నేను తరువాత ఆగాను. ఆ ఇల్లాలు పదకొండేళ్లుగా పాలకేంద్రానికి పాలు పోస్తోంది. పాత పాసు పుస్తకాలన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి ఉంచింది. వాటిని తిరగేస్తే ఒక నెలలో ఎక్కువ, ఒక నెలలో తక్కువ కనబడ్డాయి గాని, పాలు పొయ్యని నెల ఒక్కటీ కనబడలేదు. రెండు గేదెలూ ఒకేసారి వట్టిపోకుండా, ఒకటి ఈనిన ఆరేడు నెలలకు రెండోది ఈనేటట్టు ఆమె చూసుకుంటుంది. ఒక నెల దాణా డబ్బు ఎప్పుడూ వేరే డబ్బాలో ఉంచుతుంది. పెయ్యదూడను అమ్మదు.

"మూడోది కొనవచ్చు కదమ్మా?" అన్నాను.

"గడ్డి రెండింటికే ఉందండీ" అంది.

ఎన్నో శిక్షణ తరగతుల్లో నేను చెప్పలేకపోయినది ఆమె ఆ ఒక్క మాటలో చెప్పింది.

ఇలాంటి చిన్నవారివల్ల ఏమవుతుందని కొందరు అడగవచ్చు. గుజరాత్‌లోని ఖేడా జిల్లా సంగతి చూడండి. అక్కడి పాలన్నీ ఒకే కంపెనీకి పొయ్యవలసి వచ్చి, ధర గిట్టక రైతులు 1946లో పాలు పొయ్యడం మానేశారు. సర్దార్ పటేల్ సలహాతో, త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన తమ సొంత సహకార సంఘాలు పెట్టుకున్నారు. వాటి యూనియన్ 1946 డిసెంబరు 14న రిజిస్టరయింది. మొదట్లో రెండు గ్రామ సంఘాలు, రోజుకు 250 లీటర్లకు లోపు పాలు. అదే తరువాత అమూల్ అయింది. 1949లో ఆనంద్ చేరిన వర్గీస్ కురియన్ పేరు అందరికీ తెలుసు. ఆ పేరు మోయదగినదే. కాని కురియన్‌గారు గేదెలను మేపలేదు. ఒకటి రెండు పశువులున్న ఇళ్లవారు పొద్దునా సాయంత్రం చెంబులతో తెచ్చి పోసిన పాలను కొలిచి, వెన్నశాతం చూసి, క్రమం తప్పకుండా డబ్బు ఇచ్చే ఏర్పాటును నిలబెట్టారు. 1970లో మొదలైన క్షీరవిప్లవ పథకం ఆ పద్ధతినే దేశమంతా పరిచింది. 1998 నాటికి మన దేశం పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. మన తెలంగాణలో ముల్కనూరు చుట్టుపక్కల గ్రామాల స్త్రీలు తమ సొంత సహకార డెయిరీని స్థాపించుకున్నారు. అదీ ఇంటింటి పాడి మీద నిలిచినదే.

పెద్ద రైతు పనికిరాడని నేను అనడం లేదు. కొత్త గడ్డిరకమైనా, కొత్త యంత్రమైనా ముందుగా తెచ్చి పరీక్షించే స్తోమత ఆయనకుంది. నష్టం వస్తే తట్టుకోగలడు. ఆయన దగ్గర కొత్త సంగతి తెలుసుకోండి. ఎన్ని పశువులు కట్టాలో, ఎంత అప్పు చెయ్యాలో మాత్రం మీలాంటి నీరు, మీలాంటి నేల, మీలాంటి చేతులున్న పొరుగువారి దగ్గర తెలుసుకోండి.

విస్తరణ ఉద్యోగులకు రెండు మాటలు. రైతులను పర్యటనకు తీసుకువెళ్లినప్పుడు మూడు ఇళ్లు చూపండి. బాగా పైకి వచ్చినవారిది ఒకటి. అయిదేళ్లకు తక్కువ కాకుండా మామూలుగా నడుపుతున్నవారిది ఒకటి. మానేసినవారు ఒప్పుకుంటే వారిది ఒకటి. రెండో ఇంటిని మీకు నచ్చినట్టు ఎంచకండి. పాలకేంద్రం రిజిస్టరులోని పేర్లు చీటీల మీద రాసి, ఒక చీటీ తియ్యండి. పంటకోతకు పాటించే నియమాన్నే ఇక్కడా పాటించండి. ఇప్పుడు మా మండలంలో అలాగే చేస్తున్నాం. ఆవులు అమ్ముకున్న ఆ రైతు మూడో ఇంటివాడుగా తన లెక్క దాచకుండా చెబుతున్నాడు. ఆయన లెక్క విన్నాక ఇద్దరు దరఖాస్తుల్లో పది అన్న అంకె కొట్టేసి రెండు అని రాసుకున్నారు.

రైతులు అడగవలసిన ప్రశ్నలు ఇవి. ఈతకూ ఈతకూ ఎన్ని నెలలు? వట్టిపోయిన రోజుల్లో ఇల్లు ఎలా గడిచింది? వేసవిలో మేత ఎక్కడిది? పాడి కాక వేరే రాబడి ఏముంది? ఏ ఏడు నష్టం వచ్చింది, ఎలా పూడ్చుకున్నారు? ఈ అయిదింటికీ జవాబులు తెలిస్తే, ఎన్ని లీటర్లు అన్న ఆరో ప్రశ్నకు అర్థం ఉంటుంది.

రేపు పొద్దున్నే మీ ఊరి పాలకేంద్రం దగ్గర కాసేపు నిలబడండి. వచ్చేవారిలో ఎక్కువమంది చేతుల్లో ఉండేవి చిన్న క్యాన్లే. ఎన్నేళ్లుగా పోస్తున్నారో వారిలో ఒకరిని అడగండి. వీలైతే వారి వెంట కొట్టం దాకా వెళ్లిరండి.