గొడగూచి పట్టిన పంతము

పాలకుర్తి మొదలు కాళేశ్వరము వరకు, హృదయము దేవునినే లెక్క అడిగిన కథలు

శివరాత్రి సంచికకు ముఖచిత్ర కథనముగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల దేవాలయములను చూచి వచ్చి, ఈ ప్రాంతపు జనులు దేవుని హృదయముతో నమ్మినారా, బుద్ధితో నమ్మినారా అను ప్రశ్నకు సమాధానము వ్రాయవలసినదని సంపాదకులు పురమాయించినారు. గుళ్ల పట్టిక పెద్దది. వాటి స్థలపురాణములను, శాసనములను, జాతరల వివరములను పేర్చుకొనిపోయినచో పుటలు నిండుటకు కొదువలేదు. కాని పాలకుర్తికి బయలుదేరుటకు ముందు, ఆ యూరి పేరును తన పేరునకు ముందు నిలుపుకొన్న పాల్కురికి సోమనాథుని బసవపురాణమును మరల చేతికెత్తుకొన్న నేను, అందలి గొడగూచి కథవద్ద నిలిచిపోయితిని. అటుపిమ్మట చూచిన ప్రతి గుడిని, విన్న ప్రతి కథను ఆ పసిపిల్ల కన్నులతోనే చూచితిని గనుక, ఈ కథనమునందు ఆమెకే పెద్దపీట దక్కినది.

గొడగూచి తండ్రి శివభక్తుడు. ప్రతిదినమును పాలు గుడికి కొనిపోయి స్వామికి నివేదించి వచ్చుట ఆ యింటి నియమము. ఒకమారు తల్లిదండ్రులు ఊరు విడిచి పోవలసివచ్చి, తాము తిరిగి వచ్చువరకు స్వామికి పాలు తప్పక ఇచ్చి రావలెనని కూతునకు చెప్పి పోయినారు. పిల్ల పాలు తీసికొని గుడికి పోయినది, స్వామి యెదుట పెట్టినది, త్రాగుమన్నది. స్వామి త్రాగలేదు. ఇంటిలో పెద్దలు చేయుచున్నట్లు ఒక్క క్షణము కన్నులు మూసికొని, నివేదన ముగిసినదని పాత్రను మరల ఇంటికి తెచ్చుకొనుట ఆమెకు తెలియదు. బతిమాలినది, బుజ్జగించినది, అమ్మానాన్నలు వచ్చి కోపింతురని చెప్పుకొని యేడ్చినది, తుదకు నీవు త్రాగనిచో నేనిచ్చటనే ప్రాణము విడిచెదనని పంతము పట్టినది. శివుడు త్రాగినాడు.

ఊరినుండి వచ్చిన తండ్రి పాలేమైనవని అడిగినాడు. స్వామి త్రాగినాడని పిల్ల చెప్పినది. ఆయన నమ్మలేదు. దేవుడు పాలు త్రాగుట యెచ్చటనైన కలదా, నీవే త్రాగి అబద్ధమాడుచున్నావని గద్దించి, పాలతోగూడ పిల్లను గుడికి నడిపించుకొనిపోయి, నా యెదుట త్రాగించి చూపుమన్నాడు. ఆనాడు స్వామి త్రాగలేదు. తండ్రి ఆగ్రహించి కొట్టబోగా పిల్ల స్వామినే శరణు చొచ్చినది; లింగము ఆమెను తనలోనికి తీసికొన్నది; తండ్రి పట్టుకొనబోగా ఆమె కురులు మాత్రమే వెలుపల మిగిలినవి.

ఇట్టి భక్తులను ముగ్ధభక్తులని వ్యవహరించుట పరిపాటి. లోకజ్ఞానము లేనివారు, తర్కమెరుగనివారు, హృదయమొక్కటే కలవారు అని దానికి మనము చెప్పుకొను వ్యాఖ్యానము. ఈ వ్యాఖ్యానము నాకు ఎన్నడును రుచింపలేదు. ఆ యింట తర్కము తప్పినవాడు తండ్రిగాని కూతురు గాదు. దేవునికి పాలు ఇచ్చుచున్నానని ప్రతిదినమును పలుకుచు, దేవుడు త్రాగునని ఒక్కనాడైనను ఎదురుచూడని వాడు ఆయన. తన మాటకును చేతకును నడుమ ఎంత యెడమున్నదో ఆయనకు తెలియనే తెలియదు. పిల్లకు పెద్దలు అప్పగించిన ఆధారవాక్యము ఒక్కటే: స్వామికి పాలు ఇమ్ము. ఇచ్చినప్పుడు పుచ్చుకొనువాడుండవలెను, పుచ్చుకొన్నవాడు త్రాగవలెను, త్రాగిన పాలు పాత్రలో ఉండరాదు. నైయాయికులు మెచ్చదగిన క్రమములో ఆమె నిగమనమునకు వచ్చినది. రాని ఫలమును రాబట్టుటకు తన ప్రాణమును పణముగా పెట్టినది. ప్రత్యక్షప్రమాణమును తండ్రికంటె ముందు అడిగినది కూతురే. తండ్రి కూతుని అడిగినాడు, కూతురు దేవుని అడిగినది, భేదమంతయు అచ్చటనే యున్నది.

1995 సెప్టెంబరు 21వ తేదీన వినాయక విగ్రహములు పాలు త్రాగుచున్నవన్న వార్త దేశమంతటను, విదేశములలోని హిందూ ఆలయములలోను ఒక్కదినములో వ్యాపించి, చెంచాలతో పాలు పట్టుకొన్న జనులు గుళ్లముందు బారులు తీరినప్పుడు, శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలతో పరీక్షించి, తలతన్యతవలనను కేశనాళికా చర్యవలనను పాలు చెంచానుండి పైకి పాకి విగ్రహముమీదుగా పలుచగా క్రిందికి జారుచున్నవని చూపినారు. వారు చేసినది మంచిపని. 1976లో 42వ సవరణద్వారా రాజ్యాంగమునందు చేరిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుట యొకటి, ఆ విధిని నేను మనసార గౌరవింతును. కాని ఆనాడు బారులు తీరినవారికిని గొడగూచికిని పోలిక చెప్పినచో ఆ పిల్లకు అన్యాయము చేసినవారమగుదుము. వారు వింత చూడవచ్చినారు. చూచి, ఇండ్లకు పోయినారు. ఆమెకు వింతతో పనిలేదు. పాలు త్రాగుట దేవుడు తీర్చవలసిన బాధ్యత అని ఆమె యెంచినది, తీర్చువరకు కదలలేదు.

బసవపురాణమునందు ఇట్టివారు మరికొందరు కలరు. శివుడు హాలాహలము మ్రింగినాడని పురాణము చెప్పుచుండగా సభలో అందరును చేతులు జోడించి విన్నారు. రుద్రపశుపతి ఒక్కడు, విషము త్రాగిన వాడేమైనాడో అని గుండె బాదుకొని, దానిని ఉమియనిచో తాను బ్రదుకనని నీటిలోనికి దిగినాడు. దేవతలు ఓదార్చినను, శివుడే వచ్చి విషము కంఠమునందే నిలిచియున్నది, భయములేదని చెప్పినను ఆయనకు తృప్తి కలుగలేదు. తుదకు శివుని తొడపై కూర్చుండి, విషము కంఠము దాటి దిగినచో ప్రాణము విడుచుటకు సిద్ధపడి, ఆ కంఠమునే చూచుచుండినాడని కథ. బెజ్జమహాదేవి ఆలోచన మరియొక తెరగు: తల్లియున్నవాడెవ్వడైనను జడలు కట్టి, బూడిద పూసికొని, వల్లకాటిలో తిరుగునా, విషము త్రాగునా? కావున శివునకు తల్లి లేదు. లేదు గనుక తానే తల్లి కావలెను. ఆమె లింగమునకు నూనె అంటి, నీళ్లుపోసి, పసిబిడ్డవలె సాకినది. హేతువు, దానినుండి నిర్ణయము, నిర్ణయమునుండి ఆచరణ. ఎచ్చటను గొలుసు తెగలేదు. పురాణము చదివిన పండితుడు విషకంఠుడని స్తోత్రము చేసి భోజనమునకు లేచును. రుద్రపశుపతి ఆ మాటను నిజమని తీసికొన్నాడు.

వీరి కథలు చెప్పిన సోమనాథుడు శాస్త్రమెరుగని వాడు కాడు. సంస్కృతమున సోమనాథభాష్యమును, వేదార్థములను తెలుగు పద్యములలో ప్రతిపాదించిన చతుర్వేదసారమును వ్రాసినవాడు; పండితారాధ్య చరిత్రలో వాదప్రకరణమను పేర ఒక ప్రకరణమునే ప్రత్యేకించి పరమత ఖండనమునకు విడిచినవాడు. అంతటి విద్వాంసుడు పసిపిల్ల పంతమును దేశి ద్విపదలో, ఊరివారందరు పాడుకొనదగిన తెలుగులో, శివశాస్త్రములకు సమానమైన గౌరవముతో నిలిపినాడు. ఓరుగల్లు గుడిలో జనులు గుంపుగూడి బసవపురాణము వినుచుండగా ప్రతాపరుద్రుడు చూచి అదేమని అడిగినాడనియు, ప్రక్కనున్న విప్రుడొకడు అది నడుమ పుట్టిన ద్విపదకావ్యము, ఆదరింపదగినది కాదని యీసడించినాడనియు తరువాతికాలపు కవి పిడుపర్తి సోమనాథుడు చెప్పిన కథ యున్నది. జరిగినను జరుగకున్నను, తండ్రికి కూతునియందు కలిగిన అపనమ్మకమే ఆ విప్రునకు ద్విపదయందు కలిగినదని నాకు తోచినది.

చరిత్ర చెప్పవలసినదే గనుక సంగ్రహముగా చెప్పెదను. 12వ శతాబ్దమున కల్యాణమునందు బిజ్జలుని కొలువులోనుండి బసవేశ్వరుడు నడిపిన వీరశైవము తెలుగుదేశమునకు వచ్చినది; ఇచ్చట శ్రీపతి పండితుడు, శివలెంక మంచన, మల్లికార్జున పండితారాధ్యుడు దానికి పండితత్రయము. సోమనాథుని కాలము 12వ శతాబ్ది చివర, 13వ శతాబ్ది మొదట అని కొందరును, రెండవ ప్రతాపరుద్రుని కాలమని కొందరును వాదించినారు. బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చినాడు. తెలుగు మూలమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించి 1926లో వెలువరించినారు. ఇదే పాలకుర్తిలో, తెలంగాణ రైతుపోరాట కాలమున, చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖును ఎదిరించి తన పంటను నిలుపుకొన్నది. సమీపమున కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు కూలినాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలైనది 2016 అక్టోబరు 11న.

పాలకుర్తి మండలములోనే బమ్మెర యున్నది. పోతన్న ఊరని యిచ్చటివారి దృఢవిశ్వాసము. కడప జిల్లా ఒంటిమిట్ట పక్షమువారి వాదమును నేనెరుగుదును, ఇచ్చట దానిని విచారింపను. పోతన భక్తికవి యనగానే సందేహములేని హృదయమని భావించువారు గజేంద్రమోక్షమును మరియొకమారు చదువవలెను. మొసలి నోట చిక్కి, బలముడిగి, ప్రాణములు పోవు సమయమున ఏనుగు దేవుని పిలుచుచు, ఉన్నాడన్నవారి మాటను జ్ఞాపకము చేసికొని, ఆ ఉన్నాడన్నవాడు నిజముగా ఉన్నాడో లేడో అని శంకించును. సంస్కృత భాగవతములోని గజేంద్రస్తుతి వేదాంతప్రౌఢము. అందు ఈ శంక లేదు. పోతన తానై చేర్చినాడు. మరణము కాలు పట్టి లాగుచుండగా దేవుని ఉనికినే ప్రశ్నించు మాట, మన యిండ్లలో పసిపిల్లలకు కంఠస్థము చేయించు భక్తిపద్యమైనదన్న సంగతి నాకు పరమాశ్చర్యము. సందేహించినందుకు విష్ణువు రాకపోలేదు, పరుగున వచ్చినాడు.

ఫ్రాన్సు దేశపు గణితవేత్త పాస్కల్ 1654 నవంబరు 23 రాత్రి తనకు కలిగిన దైవానుభవమును కాగితముమీద వ్రాసికొని, దానిని కోటు లోపలి పొరలో కుట్టుకొని మరణించువరకు మోసినాడు. తన దేవుడు తత్త్వవేత్తల దేవుడు కాడని అందు వ్రాసినాడు. ఆ విభజన పాలకుర్తిలోను బమ్మెరలోను నాకు కనబడలేదు. ఇచ్చటి హృదయము బుద్ధిని బయట నిలుపలేదు; తనతో గర్భాలయములోనికి తీసికొనిపోయి, దేవుని యెదుట కూర్చుండబెట్టి ప్రశ్నింపజేసినది.

ఇంతవరకు సోమనాథుని వెంట సంతోషముతో నడచితిని. ఇకమీద నడువలేను. శివనింద విన్నవాడు నిందించినవాని తల తీయుటను బసవపురాణమే భక్తియని కొనియాడినది; బిజ్జలుని చంపిన జగదేవుడు అందు పూజ్యుడు. పండితారాధ్య చరిత్రలో వెలనాటి చోడుని సభయందు బౌద్ధునితో జరిగిన వాదము, యుక్తికి యుక్తిగా మొదలైనది, శిష్యులు ఆ బౌద్ధుని చంపుటతోను, రాజు పండితారాధ్యుని కన్నులు తీయించుటతోను ముగిసినది. నిజమని నమ్మినదానిని తుదివరకు అనుసరించుట గొడగూచి గుణమైనచో, ఈ హంతకులదియు ఆ గుణమే గదా యని పాఠకుడు అడుగవచ్చును. నేనును అడుగుకొంటిని. గొడగూచి తన తలను పణముగా పెట్టినది, రుద్రపశుపతి తన ప్రాణమునకే కత్తి సిద్ధము చేసికొన్నాడు. ఈ హంతకులు పరుని తలను పణముగా పెట్టినారు. ఎదుటివాని ప్రాణముతో చెల్లించు విశ్వాసమునకు ఏ శాస్త్రము వత్తాసు పలికినను నేను తలవంచను.

పండితారాధ్యుని వ్యథ నాకు వీటన్నింటికంటె దగ్గరగా తోచినది. బసవని భక్తి ఆయనను లాగినది. వేదమును, బ్రాహ్మణ్యమును విడుచుటకు మనసు ఒప్పలేదు. రెంటితోను పొత్తు తెగక, బసవని చూడవలెనని కల్యాణమునకు బయలుదేరినాడు. దారిలో ఉండగానే బసవడు లింగైక్యము చెందినాడన్న వార్త తెలిసినది. ఇరువురును ఒకరినొకరు చూడలేదు.

కురవి వీరభద్రుడు

మహబూబాబాద్ జిల్లా కురవిలో శివరాత్రికి వీరభద్రస్వామి కల్యాణము, జాతర పెద్దయెత్తున జరుగును. వీరభద్రుడు దక్షయజ్ఞమును ధ్వంసము చేయుటకు పుట్టినవాడు; పోతన ఆ కథనే వీరభద్ర విజయముగా వ్రాసినాడు. దక్షుని యజ్ఞమునందు మంత్రలోపము లేదు, ద్రవ్యలోపము లేదు. అల్లుని పిలువలేదు, పిలువని పుట్టింటికి వచ్చిన కూతుని ఆదరింపలేదు. తల తెగిన దక్షునకు మేకతల అతికించి, ఆగిన యజ్ఞమును మరల సాగనిచ్చినారు. యజ్ఞమును రద్దు చేయలేదన్నది ఈ కథలో నేను మరువలేని అంశము.

కాళేశ్వరము: ఒక పానవట్టము, రెండు లింగములు

భూపాలపల్లి జిల్లాలో గోదావరి ప్రాణహితలు కలియుచోట, త్రిలింగక్షేత్రములలో ఒకటియైన కాళేశ్వరమునందు ఒకే పానవట్టముమీద రెండు లింగములున్నవి: ఒకటి కాళేశ్వరుడు, అనగా యముడు, రెండవది ముక్తేశ్వరుడు, శివుడు. ముక్తేశ్వరుడు దర్శించినవారికెల్ల ముక్తి నిచ్చుచుండగా, పాపపుణ్యముల లెక్క చూచు యమునకు పని లేకపోయినదట. ఆయన మొరపెట్టుకొనగా, శివుడు తన ప్రక్కనే తావిచ్చి, ముందు యముని పూజించి తరువాత తన్ను పూజింపనివారికి ముక్తి లేదన్నాడట. లెక్కయు దయయు ఒకే పీఠముమీద కూర్చున్న గుడి నాకు తెలిసినంతలో మరియొకటి లేదు.

ముక్తేశ్వర లింగమునకు రెండు రంధ్రములున్నవి. వాటిలో పోసిన నీరు భూగర్భ మార్గమున సంగమమునకు చేరునని నమ్మకము. సరస్వతి కూడ ఇచ్చట అంతర్వాహినిగా ప్రవహించుచున్నదని నమ్మి 2025 మే 15 నుండి 26 వరకు సరస్వతీ పుష్కరములు జరిపినారు. శివరాత్రికి పోవువారు క్రమము మరువరాదు: మొదటి పూజ కాళేశ్వరునికి, రెండవది ముక్తేశ్వరునికి.