ఈ బ్లేడు ఏ ఊరిది?

మా వీధి చివరి సెలూన్‌లో కుర్చీ ఎక్కగానే మొదట వినిపించేది ఒక చిన్న చప్పుడు. బ్లేడుకు చుట్టిన కాగితం విప్పకుండానే రెండు వేళ్ల మధ్య వంచితే అది టక్కున రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క కత్తిలోకి వెళ్తుంది, రెండోది తర్వాత వచ్చే మనిషి కోసం కాగితంలోనే ఉండిపోతుంది. ఆ చప్పుడులోనే ఈ వ్యాసానికి కావలసిన సైన్సు సగం దాగి ఉంది. మామూలు ఇనుప రేకైతే వంగి ఊరుకునేది. ఇది విరిగింది. గట్టిదనం కోసం సాగే గుణాన్ని చాలావరకు వదులుకున్న ఉక్కు ఇది.

ఇంట్లో నేను ఇప్పటికీ మూడు ముక్కల పాత రేజరే వాడతాను. టర్కీ వెళ్లొచ్చిన మిత్రుడు ఒక బ్లేడు ప్యాకెట్టు ఇచ్చాడు, జపాన్ నుంచి మేనల్లుడు ఇంకొకటి తెచ్చాడు, కిరాణా కొట్టులో కొన్నది ఎలాగూ ఉంది. మూడూ నా రేజరులో అచ్చంగా సరిపోయాయి. చెంప మీద మాత్రం మూడూ మూడు రకాలుగా నడిచాయి. ఒకటి ఉన్నట్టే తెలియలేదు, ఒకటి మెత్తగా పోయింది, ఒకటి గడ్డం కింద వెంట్రుకల్ని పీకింది. చూడటానికి కవలల్లా ఉన్న వాటిలో ఇంత తేడా ఎక్కడ ఉంది? ప్యాకెట్టు మీద అచ్చైన దేశం పేరులోనా?

ముందు ఆ పోలిక సంగతి చూద్దాం. ఏ కంపెనీ బ్లేడునైనా కొలవండి. పొడవు దాదాపు 43 మిల్లీమీటర్లు, వెడల్పు 22, మందం మిల్లీమీటరులో పదో వంతు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే సేల్స్‌మన్‌కు, వాడి పారేసే పలచటి బ్లేడు చేయాలన్న ఆలోచన వచ్చింది. అంత పలచటి రేకును వంకర పోకుండా గట్టిపరచడం కుదరదని ఉక్కు తెలిసినవాళ్లు చెప్పారు. కుదిర్చినవాడు విలియం నికర్సన్ అనే ఇంజనీరు. 1903లో అమ్మకాలు మొదలైతే ఏడాది మొత్తానికి పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904లో పేటెంటు వచ్చింది, 1921లో దాని గడువు తీరింది. ఇక ఎవరైనా ఆ బ్లేడు చేసుకోవచ్చు. హెన్రీ గైస్‌మన్ అనే పోటీదారు రంధ్రాల ఆకారం మార్చి, తన రేజరులోనూ జిలెట్ రేజరులోనూ పట్టే బ్లేడు తెచ్చాడు. పేటెంటు తగాదా ముదిరి చివరికి 1930లో రెండు కంపెనీలు ఒకటయ్యాయి. బ్లేడు మధ్య మనం చూసే ఆ వంపుల గాడి ఆనాటి పోటీ వదిలిన గుర్తు. అన్ని రకాల రేజర్లలోనూ పట్టాలి కాబట్టి ఆ ఆకారాన్ని తర్వాత ఎవరూ పెద్దగా కదపలేదు. కైరోలో కొన్న బ్లేడు కాకినాడలో కొన్న రేజరుకు సరిపోతోందంటే కారణం ఇదే.

ఆకారం ఒకటే కనుక తేడా అంతా కంటికి ఆనని చోట ఉండాలి. మొదటిది ఉక్కు.

నేటి బ్లేడు ఉక్కులో సుమారు 13 శాతం క్రోమియం, 0.7 శాతానికి కాస్త తక్కువగా కర్బనం ఉంటాయి. క్రోమియం తుప్పును ఆపుతుంది, కర్బనం గట్టిదనాన్నిస్తుంది. చెప్పడానికి సులువే. కానీ ఈ రెండూ కలిస్తే కార్బైడ్లనే గట్టి రేణువులు ఏర్పడతాయి. బ్లేడు మొన దగ్గర లోహం మందం మైక్రాను కంటే తక్కువ. అక్కడ ఒక్క పెద్ద కార్బైడు రేణువు అడ్డం పడితే, చేలో రాయి తగిలిన నాగలి కర్రులా అంచు పెచ్చు లేస్తుంది. అందుకే రేజరు ఉక్కులో ఆ రేణువులు అతి సన్నగా, ఒకే తీరుగా పరుచుకుని ఉండాలి.

ఇక్కడ మన ఉక్కు గుర్తుకు రాక మానదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లి కత్తులైంది. లోకం దాన్ని వుట్జ్ అన్నది, దక్షిణాది 'ఉక్కు' మాటనే పలకబోయి అని చాలామంది పండితులు అంటారు. ఆ కత్తుల మీద నీటి అలల్లా కనిపించే చారలు కార్బైడ్ల వరుసలే. అక్కడ కంటికి కనిపించేలా బారులు తీరి కత్తికి పేరు తెచ్చిన రేణువులే ఇక్కడ కనిపించకూడదు. అదే కర్బనం, అదే ఇనుము, పని వేరు. ఈ పోలిక మన బడి పుస్తకాల్లో ఎందుకు లేదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇంత శుభ్రమైన ఉక్కును పలచటి పట్టీగా సాగదీయగల కర్మాగారాలు ప్రపంచంలో కొన్నే. స్వీడన్‌లోని శాండ్‌వికెన్ ఊళ్లో చేసేది ఒకటి. జపాన్‌లోని యాసుగి ఇంకొకటి. యాసుగి ప్రాంతంలో పూర్వం నదుల ఇసుక నుంచి ఇనుము తీసి సమురాయ్ కత్తులకు ఉక్కు చేసేవారు. 'స్వీడిష్ స్టీల్' అని మన దేశపు బ్లేడు ప్యాకెట్ల మీద కూడా అచ్చవుతుంది. అంటే ఉక్కు ఒక దేశానిది, అంచు ఇంకో దేశానిది. 'ఏ ఊరిది' అన్న ప్రశ్నకు మొదటి చిక్కు ఇక్కడే వచ్చి పడుతుంది.

ఉక్కు పట్టీ చుట్టలుగా ఫ్యాక్టరీకి వచ్చేసరికి మెత్తగానే ఉంటుంది. ఆ మెత్తదనం ఉండగానే యంత్రం మధ్య గాడి కొట్టేస్తుంది. ఆ తర్వాత పట్టీ 1,000 డిగ్రీలు దాటిన కొలిమి గుండా సాగుతుంది. ఆ వేడికి కార్బైడ్లలోని కర్బనం చాలా భాగం ఇనుములో కరుగుతుంది. వెంటనే చల్లని లోహపు పలకల మధ్య నొక్కి చల్లారిస్తే, బయటపడే వ్యవధి లేక కర్బనం ఇనుప అణువుల మధ్యే చిక్కుకుపోతుంది. అలా బిగుసుకుపోయిన అమరికనే మార్టెన్‌సైట్ అంటారు. అప్పటికీ కొంత భాగం మారకుండా మిగులుతుంది. దాన్నీ మార్చడానికి పట్టీని సున్నాకు దిగువన 70 డిగ్రీల ప్రాంతం దాకా చల్లబరుస్తారు. ఆ మీదట కొద్దిగా వేడి చేసి పెళుసుదనాన్ని తగ్గిస్తారు. ఈ వేడి, చలి, వేగం ఒక్క పిసరు తప్పినా పట్టీలో ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా ఉంటుంది. బ్లేడు చేసేవాళ్ల అసలు నేర్పు ఇక్కడే ఉందని నా నమ్మకం. ప్యాకెట్టు మీద దీని గురించి ఒక్క ముక్క ఉండదు.

తర్వాత సాన. ముతక రాయి, సన్న రాయి, మరీ సన్న రాయి, ఒక్కొక్కటి ఒక్కో కోణంలో. చివర తోలు చక్రాల మీద తోమడం. మన పాత మంగలి కత్తికి తోలు పట్టీ మీద జరిగినది కూడా ఈ పనే. ఇంతా అయ్యాక మొన గుండ్రదనం కొన్ని పదుల నానోమీటర్లకు దిగుతుంది. గడ్డం వెంట్రుక మందం దాని కన్నా వేల రెట్లు ఎక్కువ.

అలాంటి మొనతో నేరుగా గీస్తే హాయిగా ఉంటుందనుకుంటాం. ఉండదు. మొన మీద పూత కావాలి. పైగా పాత కార్బన్ ఉక్కు బ్లేడు రెండు మూడు రోజులకే తుప్పు పట్టేది. 1960ల మొదట్లో ఇంగ్లండుకు చెందిన విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీ స్టెయిన్‌లెస్ బ్లేడుతో బజారును కుదిపింది. దాని విజయంలో ఉక్కుకు ఎంత పాలుందో పైపూతకూ అంతే ఉంది. నేటి బ్లేడ్ల మీద మామూలుగా రెండు పూతలుంటాయి. అంచు గట్టిగా నిలవడానికి క్రోమియం లేదా క్రోమియంతో కలిపిన ప్లాటినం, అతి పలచగా. దాని మీద జారుడు కోసం టెఫ్లాన్, మన నాన్‌స్టిక్ దోసె పెనం మీద ఉండేదే. టెఫ్లాన్ ద్రవాన్ని చల్లి, అది కరిగే 327 డిగ్రీల చుట్టుపక్కల వేడి చేసి అంటిస్తారు. మొదటి గీతల్లో మొన మీది అదనపు పూత వెనక్కి జరిగిపోతుంది. కొన్ని బ్లేడ్లు మొదటి రోజు కంటే రెండో రోజు బాగున్నాయని అనిపించడానికి ఇదొక కారణం.

వెంట్రుక ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తన. మరి బ్లేడు ఎందుకు మొద్దుబారుతుంది? అరిగి గుండ్రబడుతుందని అంతా అనుకునేవారు. అమెరికాలోని ఎమ్ఐటీలో జియాన్లూకా రోషోలి అనే పరిశోధకుడు డిస్పోజబుల్ రేజర్లతో తన గడ్డమే గీసుకుంటూ, గీసిన ప్రతిసారీ అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశాడు. అరుగుదల పెద్దగా కనిపించలేదు. అక్కడక్కడ సూక్ష్మమైన పెచ్చులు లేచాయి. సెమ్ తాసన్ బృందంతో కలిసి చేసిన ఆ పని 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. వెంట్రుక నిటారుగా కాక వంగి తెగినప్పుడు, అంచులో ఉక్కు గుణం ఒకచోటికీ పక్కచోటికీ తేడాగా ఉన్నప్పుడు, సరిగ్గా ఆ బలహీనమైన చోటనే వెంట్రుక తగిలినప్పుడు పెచ్చు లేస్తుందని వాళ్లు తేల్చారు. కొలిమి దగ్గర తప్పిన పిసరు ఇలా బాత్రూములో బయటపడుతుంది.

మా ఇంట్లో పెద్దవాళ్లు పాత బ్లేడును గాజు గ్లాసు లోపలి గోడకు రుద్ది మళ్లీ వాడేవారు. పక్కకు ఒరిగిన అంచు కొంత నిటారు కావచ్చు. లేచిన పెచ్చు మాత్రం పూడదు. గడ్డాన్ని నీళ్లతో బాగా తడపడం వల్ల లాభం ఎక్కువ. నీరు పీల్చిన వెంట్రుక లావెక్కుతుంది, మెత్తబడుతుంది, తక్కువ బలానికే తెగుతుంది. ఖరీదైన బ్లేడు కొని ఆదరాబాదరాగా గీసుకునేవారికంటే, మామూలు బ్లేడుతో రెండు నిమిషాలు వేడినీళ్ల తువ్వాలు వేసుకునేవారి చెంప సుఖంగా ఉంటుంది.

ఇక ఊళ్లు. ఫెదర్ బ్లేడ్లు జపాన్‌లోని సెకిలో తయారవుతాయి. కత్తుల కమ్మరులకు వందల ఏళ్లుగా పేరున్న ఊరు అది. పదునులో వాడుకరులు దీన్నే ముందు నిలబెడతారు. డెర్బీది ఇస్తాంబుల్, వాడినవాళ్లు మెత్తనిదంటారు. లార్డ్, షార్క్ ఈజిప్టువి. రాపిరా మాస్కోది. పాకిస్తాన్ ట్రీట్ కంపెనీకి లాహోర్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఫ్యాక్టరీలున్నాయి. ఆ హైదరాబాద్ మనది కాదు, సింధ్‌లోది. మన దేశంలో టోపాజ్, లేజర్ కోల్‌కతా కంపెనీవి, సూపర్‌మ్యాక్స్ ముంబయి పక్కనున్న ఠాణేది. జిలెట్ భారతీయ కంపెనీ ఫ్యాక్టరీ రాజస్థాన్‌లోని భివాడీలో ఉంది.

కానీ పేరును బట్టి ఊరు చెప్పడం కష్టం. '7 ఓక్లాక్' పేరుతో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనూ చేశారు, ఇండియాలోనూ చేశారు. విల్కిన్సన్ స్వోర్డ్ పేరు ఇంకా విచిత్రం. యూరప్‌లో ఆ పేరుతో వచ్చే బ్లేడు జిలెట్‌కు పోటీ కంపెనీది, జర్మనీలోని జోలింగెన్‌లో తయారైనది. మన సెలూన్లకు అదే పేరుతో బ్లేడు అమ్మేది జిలెట్ భారతీయ కంపెనీయే. ఒకే పేరు చూసి పోల్చిన ఇద్దరు రెండు వేరు వేరు వస్తువుల గురించి వాదించుకునే అవకాశం ఉంది. కాబట్టి దేశం పేరు నాకు పరిచయం చేసుకునే మాట మాత్రమే, తీర్పు కాదు. ఉక్కు, కొలిమి, సాన కోణం, పూత, వీటిని ఒక ఫ్యాక్టరీ ఎంత నిలకడగా పట్టి ఉంచుతుందన్నదే బ్లేడును నిలబెడుతుంది.

పోల్చదలిస్తే రేజరు, సబ్బు, గడ్డం వయసు మారకూడదు. నేను రెండు రోజుల గడ్డం మీద, కాగితం నా భార్య విప్పి రేజరులో బిగించి ఇవ్వగా, పేరు తెలియకుండా గీసి చూశాను. ఒక్కో రకానికి మూడు బ్లేడ్లు. ఎక్కువ ఖరీదుది మొదటి స్థానంలో నిలవలేదు. ఒకే ప్యాకెట్టులోని రెండు బ్లేడ్ల మధ్య ఉన్న తేడా కూడా నన్ను ఆశ్చర్యపరిచింది. ఒక్క బ్లేడు చూసి కంపెనీని మెచ్చుకోవడం, తిట్టడం ఆ తర్వాత మానేశాను.

అన్నిటికంటే పదునైనది కావాలా, మెత్తగా పోయేది కావాలా అన్నది గడ్డాన్ని బట్టి మారుతుంది. గరుకు గడ్డానికి పదును తక్కువైతే వెంట్రుక వంగుతుంది, లాగుతుంది, ఎమ్ఐటీవాళ్లు చెప్పిన పెచ్చులకు దారి ఇస్తుంది. పలచటి గడ్డం, సున్నితమైన చర్మం మీద అతి పదును మంట పుట్టిస్తుంది. మొన్న సెలూన్‌లో ఈ మాటే అడిగాను. "అన్నిట్ల ఏ దేశం బ్లేడు మంచిగుంటదన్నా?" అతను నా దవడ కింద వేళ్లతో ఎదురు నిమిరి చూశాడు. "గడ్డం జూడకుండ ఎట్ల చెప్తం సార్? మీది ఇక్కడ సుడి తిరిగి ఉంది" అని, సగం గీసిన కత్తిలోని ముక్క తీసి పారేసి, కాగితంలో మిగిలిన రెండో ముక్క బిగించాడు.