పెరటి పెట్టకు పట్టెడు మేత – బోద్రీ పరిసరాలలో గుడ్ల కోళ్ళ పోషణ

బిలాస్‌పూర్ నుండి రాయపూర్ వెళ్ళే రైలు మార్గంలో, చకర్‌భాఠా స్టేషన్ సమీపాన ఉన్న చిన్న పట్టణం బోద్రీ. ఛత్తీస్‌గఢ్ ఉన్నత న్యాయస్థానం వెలసిన తరువాత ఈ పేరు నలుగురికీ తెలిసింది గాని, అంతకు ముందు ఇది వరిపొలాల నడుమ ఒదిగిన ఊరు. నేటికీ ప్రధాన రహదారి నుండి నాలుగడుగులు లోపలికి వేస్తే పెరళ్ళు, ఆ పెరళ్ళలో కోళ్ళు కనిపిస్తాయి. రైల్వే ఉద్యోగ నిమిత్తం ఉత్తరాంధ్ర నుండి తరతరాల క్రితం బిలాస్‌పూర్ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడ పెరటి కోడి కొత్తది కాదు. క్వార్టరులో కోళ్ళ పెంపకానికి అనుమతి ఉన్నదీ లేనిదీ ముందుగా విచారించుకొనుట మంచిది. ఇక్కడ చర్చించబోయేది మేత విషయం మాత్రమే.

ఈ ప్రాంతం వరికి పుట్టినిల్లు. మర ఆడించిన చోట నూకలు, తవుడు సులభంగా లభిస్తాయి. నూకలను ఇక్కడివారు ‘కన్కీ’ అనీ, తవుడును ‘కోఢా’ అనీ అంటారు. అందువలన ఉదయం గుప్పెడు, సాయంత్రం గుప్పెడు నూకలు చల్లడంతో పోషణ బాధ్యత తీరిందని పలువురు గృహిణులు భావిస్తారు. ఏడాదికి 50 నుండి 80 గుడ్లు పెట్టే నాటుకోడికి ఈ పద్ధతి చాలవరకు సరిపోతుంది. పురుగులు, చెదలు, గడ్డి గింజలు, లేత ఆకులు అది తానే వెదుక్కొంటుంది. అయితే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన ‘గ్రామప్రియ’ వంటి జాతులు పెరటిలోనే సుమారు 160 నుండి 180 గుడ్లు పెట్టగలవు. మేత నాటుకోడిది, గుడ్లు గ్రామప్రియవి కావాలంటే కుదరదు.

ఇందుకు కారణం తెలుసుకోదగినది. ఒక గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెట్ట శరీరం మొత్తంలో ఉండే కాల్షియం రమారమి 20 గ్రాములు. అనగా 170 గుడ్లు పెట్టే కోడి తన ఒంటిలో ఉన్నదానికి పదిహేను రెట్లకు పైగా కాల్షియాన్ని ఏడాదిలో పెంకుల రూపంలో ఇచ్చివేస్తున్నది! నూకలలో ఈ ఖనిజం దాదాపు శూన్యం. తవుడులో భాస్వరం సమృద్ధిగా ఉన్నప్పటికీ అందులో అధికభాగం కోడికి జీర్ణం కాని రూపంలో ఉండి, పైగా కాల్షియాన్ని కూడ బంధిస్తుంది. మేతలో లభించనప్పుడు పెట్ట తన ఎముకల నుండి తీసి పెంకు కడుతుంది. మొదట పెంకు పలుచబడుతుంది, తరువాత తోలు గుడ్లు వస్తాయి, చివరకు పెట్ట కాళ్ళు నిలువలేక చతికిలబడుతుంది. ఇది ముసలితనమని భ్రమించి దానిని కూరకు పంపిన ఇళ్ళు ఎన్నో!

పెంకు తయారగుటకు సుమారు 20 గంటలు పడుతుంది. అందులో ఎక్కువ భాగం రాత్రివేళ, కోడి గూటిలో ఉండగా జరుగుతుంది. కావున సాయంత్రం గూటికి చేరే ముందు ఆల్చిప్పల ముక్కలో, బరక సున్నపురాయి నలుసులో వేరే మూకుడులో పెట్టడం ఉత్తమం. నలుసులు నెమ్మదిగా కరిగి రాత్రంతా అక్కరకు వస్తాయి. ఎంత తినాలో పెట్టకే తెలుసు. వంటింటి గుడ్డు పెంకులను వేయించి నలగగొట్టి ఇవ్వవచ్చును. గోడకు వేసే సున్నం మాత్రం ఎన్నడూ పెట్టరాదు. అది నోటిని, పేగులను కాలుస్తుంది. అలాగే ఇంకా గుడ్లకు రాని పడ్డలకు అధిక కాల్షియం మూత్రపిండాలకు చేటు. వాటికి వేరుగా మేత పెట్టాలి.

మాంసకృత్తుల సంగతి. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల మేత తింటుంది. అందులో 16 శాతం వరకు మాంసకృత్తులు ఉండాలి. నూకలలో ఉన్నది 8 శాతమే. ఇంటిలో 10 కిలోల మేత కలుపుకొనేవారు నూకలు లేదా మొక్కజొన్న 5 కిలోలు, తవుడు 2 కిలోలు, సోయా చెక్క కిలోన్నర, నువ్వుల చెక్క అరకిలో, సున్నపురాయి నలుసు 800 గ్రాములు, ఖనిజ మిశ్రమం 170 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు తీసుకొనవచ్చును. మాంసకృత్తులు 15 శాతానికి చేరుతాయి. మిగిలినది పెరటి పురుగులు పూరిస్తాయి. సోయాలో కొరవడిన మిథియోనైన్‌ను నువ్వుల చెక్క అందిస్తుంది. వర్షాకాలంలో తవుడు త్వరగా కనరెక్కుతుంది, వేరుశనగ చెక్క బూజుపడుతుంది. బూజులోని విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది గనుక చవకగా దొరికినా అట్టి చెక్కను పారవేయడమే మేలు.

అజొల్లాను గురించి ఈ మధ్య చాలా గొప్పగా చెబుతున్నారు. మంచి మేతే, కాని పచ్చి అజొల్లాలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. దానిని నమ్ముకొని చెక్క మానివేయడం తెలివి కాదు. మునగాకు, తోటకూర ఇచ్చినచో పచ్చసొనకు చక్కని రంగు వస్తుంది.

బిలాస్‌పూర్ ఎండలు తెలిసినవే. వేడికి కోడి రొప్పినపుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గి పెంకు పలుచనవుతుంది; పైగా మేత కూడ తగ్గిస్తుంది. వేసవిలో తెల్లవారుజామున, పొద్దు వాలిన తరువాత మేత వేసి, నీడలో మట్టి మూకుళ్ళలో చల్లని నీరు రెండు మూడు మార్లు మార్చాలి.

శీతకాలపు సంగతి వేరు. డిసెంబరులో పగలు పదకొండు గంటలకు లోపే ఉంటుంది, గుడ్లకు పదునాలుగు గంటల వెలుతురు కావాలి. అంతకు ముందే కొన్ని పెట్టలు ఈకలు రాల్చి, గుడ్లు మానివేస్తాయి. ఈకలన్నీ మాంసకృత్తులే కనుక ఆ రోజులలో చెక్క కాస్త పెంచవలెను. సరిగా ఆ సమయంలోనే కనుమ పండుగ వస్తుంది, గుడ్లు పెట్టని పెట్టపై కన్ను పడుతుంది. కొత్త ఈకలు మొలిచి, పగలు పెరగనిస్తే, ఆ పెట్టే మాఘ ఫాల్గుణాలలో మరల గుడ్లకు వస్తుంది.