పాత స్పీకర్‌లో గరగర ఎందుకు?

పాత తరహా స్పీకర్‌లో డోలు దరువు రాగానే గరగరమంటోందా? వూఫర్ మార్చే ముందు కారణం కనుక్కోవాలి. 1925లో రైస్, కెల్లాగ్ వివరించిన నిర్మాణమే నేటికీ ఇందులో ఉంది: అయస్కాంతపు సన్నని సందులో తీగచుట్ట కదులుతూ కాగితపు శంకువును ఊపుతుంది.

ముందు ఆంప్లిఫయర్ ఆపి, దాని వద్ద కుడి, ఎడమ స్పీకర్ల తీగలు తారుమారు చేయండి. గరగర రెండో పెట్టెకు మారితే లోపం స్పీకర్‌ది కాదు. మారకపోతే, తక్కువ శబ్దంతో 20 నుంచి 200 హెర్ట్జ్ స్వరాలు వినిపిస్తూ జాలీని, పెట్టె పలకలను నొక్కండి. ఎక్కడ నొక్కితే గరగర ఆగుతుందో అక్కడే ఏదో వదులైంది. స్క్రూలు బిగిస్తే చాలు.

ఆగకపోతే స్పీకర్‌ను ఆపి, శంకువును రెండు వైపులా వేళ్లతో సమానంగా, మెల్లగా నెట్టండి. లోపల గీసుకుంటే తీగచుట్ట పక్కకు ఒరిగినట్టే. తరచూ దీనికి మూలం శంకువు చుట్టూ ఉండే ఫోమ్ అంచు చిరగడం. పాలీయురేథేన్ ఫోమ్ తేమకు, ఆక్సిజన్‌కు క్రమంగా పొడిబారి రాలుతుంది. ఢిల్లీ ఎండలు, వానాకాలపు ఉక్క దాన్ని త్వరపరుస్తాయి.

ఎర్రకోట ఎదుటి లజపతిరాయ్ మార్కెట్‌ లాంటి చోట్ల విడిభాగాల కోసం అడగవచ్చు. కొలత, మెత్తదనం సరిపోయే అంచును, తీగచుట్ట సరిగ్గా మధ్యలో ఉండేలా చూసి అతికించాలి. జిగురు పూర్తిగా ఆరాకే మోగించాలి. తీగచుట్ట మాడిపోయి ఉంటే మాత్రం నిపుణుడికే అప్పగించాలి. అంచు ఒక్కటి మారిస్తే సరిపోయే చోట, మంచి అయస్కాంతం ఈ-వ్యర్థాల కుప్పలోకి చేరదు.