అరవండి, లేదంటే కుర్చీ ఊరుకోదు!

సినిమా చూస్తూ భయంతో గుండె ఆగిపోతే మీ ఇంట్లోవాళ్ళకు వెయ్యి డాలర్లు! 1958లో అమెరికాలో ‘మకాబర్’ చూడడానికి వెళ్ళినవాళ్ళకు లండన్ లాయిడ్స్ పేరిట ఇలాంటి బీమా కాగితం చేతికిచ్చి మరీ లోపలికి పంపారు. ముందే గుండెజబ్బు ఉన్నవాళ్ళకు వర్తించదన్న షరతు కూడా పెట్టారు, ఎంతైనా బీమా కదా! ఇల్లు తాకట్టు పెట్టి ఈ సినిమా తీసిన విలియమ్ కాజిల్‌ను మించిన ప్రచార మాంత్రికుడు హారర్ సినిమాల్లో మరొకరు లేరు.

మరుసటి ఏడాది ‘హౌస్ ఆన్ హాంటెడ్ హిల్’ ఆడుతుంటే ప్రేక్షకుల నెత్తిమీదుగా తీగపై అస్థిపంజరాన్ని పంపాడు. పిల్లలు జడుసుకోవడం మాట అటుంచి, దానిమీదికి చేతికందినవన్నీ విసరడం మొదలుపెట్టారు.

నా ఓటు మాత్రం అదే ఏడాది వచ్చిన ‘ది టింగ్లర్’కే. మనిషి భయపడితే వెన్నెముక మీద పెరిగే పురుగు కథ ఇది. గట్టిగా అరిస్తేనే దాని పట్టు సడలుతుంది. కథలో ఆ పురుగు తప్పించుకుని ఓ సినిమా హాల్లో దూరుతుంది. వెంటనే తెర చీకటైపోతుంది, అరవండి అరవండి అంటూ నటుడు విన్సెంట్ ప్రైస్ గొంతు వినిపిస్తుంది, హాల్లో కొన్ని కుర్చీల కింద బిగించిన మోటార్లు గుర్రుమంటాయి. పక్కవాడు అరిస్తే మనమూ అరవకుండా ఉంటామా? తెరమీద ఎల్.ఎస్.డి. మత్తును చూపిన మొదటి సినిమాగానూ దీన్నే చెబుతారు.

మోటార్లు కాజిల్‌వి సరే, పురుగు ఎవరిది? రాబ్ వైట్‌ది. మత ప్రచారకుడి కొడుకు. ఫిలిప్పీన్స్‌లో పుట్టి, జార్జియా రాష్ట్రంలో గులాబీలకు పేరుపడ్డ థామస్‌విల్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. నౌకాదళ అకాడమీలో చదివి, కుర్రకారుకు సాహస నవలలు రాసుకునే ఈయనే కాజిల్‌కు వరసగా ఐదు సినిమాలు రాశాడు. పై మూడూ కాక, రంగు కాగితపు అద్దంలోంచి దెయ్యాలు కనబడే ‘13 ఘోస్ట్స్’ (1960) ఒకటి. పతాక సన్నివేశానికి ముందు 45 సెకన్లు గడియారం చూపించి, భయమేస్తే లేచిపోండి, డబ్బు వాపసు అన్న ‘హోమిసైడల్’ (1961) మరొకటి. లేచినవాళ్ళు ‘పిరికివాళ్ళ మూల’లో నిలబడాలి! ఆ తర్వాత వైట్ రాసిన ‘డెత్‌వాచ్’ నవలకు 1973లో మిస్టరీ రచనలకిచ్చే ఎడ్గార్ పురస్కారం దక్కింది.

మన రామ్‌గోపాల్ వర్మ కూడా తన హారర్ సినిమా ‘ఫూంక్’ను హాల్లో ఒంటరిగా చూసినవాళ్ళకు 5 లక్షల రూపాయలంటూ పందెం కాశారు. కాజిల్ చూసి ఉంటే భుజం తట్టేవాడు.

‘హౌస్ ఆన్ హాంటెడ్ హిల్’ కాపీరైట్‌ను ఎవరూ పొడిగించలేదు కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అస్థిపంజరం ఎగరకపోయినా కథ కూర్చోబెడుతుంది. ఆ గొప్పతనం రాబ్ వైట్‌దే.