మీకు తెలుసా? పేరెత్తకుండా చెప్పే మాటలు

తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ఒంటి మీద పొక్కులు లేస్తే పెద్దవాళ్లు జబ్బు పేరు ఎత్తరు, ‘అమ్మవారు పోసింది’ అంటారు. తిడితే తల్లికి కోపం వస్తుందన్న భయమూ, ఇంటికొచ్చిన దేవతన్న భక్తీ ఆ మాటలో కలిసే ఉన్నాయి. గుమ్మానికి వేపమండలు కట్టడం ఆ మర్యాదలో భాగమే. అలా పేరెత్తని జబ్బుల్లో ఒకటైన మశూచి భూమ్మీద లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. మాట మాత్రం ఆటలమ్మకు మిగిలింది.

పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అనేవాళ్లున్నారు, పేరు పలికితే అది మళ్లీ వస్తుందని. ఆసుపత్రిలో మాత్రం పామనే చెప్పాలి, అక్కడ దాపరికం ప్రాణం మీదికి తెస్తుంది. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనడం, దీపం ఆరితే ‘కొండెక్కింది’ అనడం తెలుగునాడంతా ఎరిగినవే.

పేరెత్తడానికే జంకే ఈ చోట అన్నిటికన్నా ఆశ్చర్యం తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. పొక్కుల జబ్బుల నుంచి కాపాడమని మొక్కే ఆ తల్లి ముందు, మే నెల ఎండల్లో, వేషాలు వేసుకున్న భక్తులు బూతులు తిట్టడమూ మొక్కే. మిగతా రోజుల్లో నోరు జారితే ఊరుకోని పెద్దలు కూడా అప్పుడు తప్పు పట్టరు.